ఎడమకాలు

రొసెండో కోల్కే ఎడమకాలు
మూడో రాత్రి కూడా క్లచ్ కోసం తడుముకుంది.

అక్కడ పెడల్ లేదు.
కొత్త రబ్బరు చాప, దాని మీద ఎర్రమట్టి,
ముందు షిఫ్టువాడు నమిలి రాల్చిన రెండు కోకా ఆకులు.

నేను పక్కన, శిక్షకుల కోసం బిగించిన మడత సీట్లో.
శాంతియాగో నుంచి కాదు, కింద చియుచియు నుంచే వచ్చాను.
ఆ మాట ముందే చెప్పాను, లేకపోతే నోరు విప్పడని.
యుదోసియా ఆన్సా, ఎలక్ట్రీషియన్ని.
ఒళ్లో ల్యాప్‌టాప్, దాని మీద ఉన్ని శాలువా.

"ఇంజను గొలుసుల్ని తాకదు," అన్నాను.
"డీజిలు తాగేది అదే. తిప్పేది మాత్రం జనరేటర్ని.
కరెంటు నా మణికట్టంత కేబుళ్లలో మన కిందుగా వెళ్లి
వెనక మోటార్లను చేరుతుంది.
గేర్లు లేవు. ఒకటో, రెండో అని లెక్కపెట్టుకోనక్కర్లేదు."

అద్దం మీద ఆవిరిని మోచేత్తో తుడిచాడు.
"అంటే తినేది ఒకడు, మోసేది ఇంకొకడు.
మధ్యలో నువ్వు."
నవ్వాడో లేదో చీకట్లో తెలియలేదు.

నాలుగు వేల మీటర్ల ఎత్తు. సున్నాకు పదకొండు కింద.
లారీలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చి
కొండ కడుపులో పనికిరానిదంతా అంచు దగ్గర కుమ్మరించి పోతుంటే
మేం దాన్ని బ్లేడుతో లోయలోకి నెట్టడం.
తెల్లారేదాకా అదే.

పాత బండి మాట్లాడేదట.
గనిలో అందరి బండ్లకన్నా ముసలిది, ఎవరూ వద్దన్నది.
రాయి గట్టిదైతే దాని గొంతు బొంగురుపోయేది,
బురద తగిలితే దగ్గేది,
కింద నేల గుల్లవుతుంటే
బరువు దించుకున్న కూలీలా ఒక్క నిట్టూర్పు విడిచేది.
"ముప్పై ఒక్క ఏళ్లు ఆ గొంతు విని బతికాను.
దీనికేమో, నేనేం నెట్టినా ఒకటే రాగం."

నిజమే. నిమిషానికి పదిహేడు వందల చుట్ల దగ్గర
ఇంజను అలాగే కూర్చుంటుంది,
ఎదురుగా బండరాయి ఉన్నా, బూడిద ఉన్నా.
దాన్నే మేం గొప్పగా చెప్పుకుంటాం. ఇంధనం ఆదా.
తెర మీద నిలువు పట్టీలు చూపించాను:
ఇదిగో లాగుడు, ఇదిగో వేడి, ఇది ఎడమ మోటారు.
మర్యాదగా చూశాడు,
పరాయివాళ్ల పిల్లల ఫోటోలు చూసినట్టు.

మూడు దాటాక జరిగింది.
జరిగింది అనడం కూడా ఎక్కువే.
బ్లేడు నిండుగా ఉంది, అంచు ఇంకా రెండు బండ్ల దూరం.
నా తెర మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి.
ఇంజనుది అదే శ్రుతి.
అతను చెయ్యి వెనక్కి లాగాడు.
నిలిపేశాడు.

"ఏమైంది?"
జవాబు లేదు. కిందికి చూస్తే
ఎడమకాలికి బూటు లేదు.
మేజోడుతో, పాదమంతా చాపకు ఆనించి,
ఉడుకుతున్న గిన్నె మూత మీద వేలు పెట్టి చూసినట్టు.

"వణుకు పలచబడింది," అన్నాడు.

వెనక్కి నడిపాడు. మెల్లగా, ఇరవై మీటర్లు.
దీపాలు వేసి చూస్తే
నేల మీద వెంట్రుకంత గీత.
టీ సగం తాగేలోపు వేలంత అయింది,
ఆ తర్వాత, పెద్దగా చప్పుడైనా లేకుండా,
మేం ఆగిన చోటు లేదు.
దుమ్ము మాత్రం చాలాసేపు పైకి వచ్చింది.

రేడియోలో అంచు మూసేయమన్నాడు,
నాలుగు మాటల్లో, అరవకుండా.
బూటు తొడుక్కోబోయి ఆగాడు.

నేను ల్యాప్‌టాప్ మూశాను. మళ్లీ తెరిచాను.
ఆ క్షణం కోసం వెతికాను.
ఉంది. ఎడమ మోటారు గీతలో చిన్న నొక్కు,
అర సెకను, హెచ్చరిక దరిదాపుల్లోకి రానిది.
చూపిస్తే ఈసారి ముందుకు వంగి చూశాడు.

"ఇదేనా?"
"ఇదే."
"ఇంత చిన్నదా," అన్నాడు,
కాస్త నిరాశగా.

నివేదికలో 'కారణం' అని ఒక గడి ఉంటుంది.
బండి నంబరు రాశాను, సమయం రాశాను.
ఆ గడిలో ఎడమకాలు అని రాసి, కొట్టేసి,
మళ్లీ అదే రాశాను.